రేకుల మీద సున్నం

మాది పుంగనూరు దగ్గర పల్లె. పట్టుపురుగులు పెంచుతాం. ఇల్లూ సిమెంటు రేకులదే, పురుగుల షెడ్డూ రేకులదే. మిద్దె వేద్దామని నేను అన్న ప్రతిసారీ మా ఆయన ముందు షెడ్డు బాగుచేద్దామంటాడు. నేను అంగన్‌వాడీలో పనిచేస్తాను. పిల్లల మధ్య అరిచి అరిచి నాకు నోరు కొంచెం పెద్దదైంది. ఆ సంగతి మా ఊళ్ళో అందరికీ తెలుసు.

ఎండలు ముదరకముందే మా ఆయన ఏటా నిచ్చెన వేసుకుని షెడ్డు కప్పు మీద సున్నం కొడతాడు. తెల్లటి కప్పు మీద పడిన ఎండ చాలామటుకు వెనక్కి పోతుందని, లోపల వేడి తగ్గుతుందని పట్టుపరిశ్రమ వాళ్ళు ఎప్పుడో చెప్పారు. ఉక్కపోస్తే పురుగులు ఆకు ముట్టవు, గూడు సరిగా కట్టవు. అందుకే వాటికి తెల్ల కప్పు, కిటికీలకు తడి గోనెపట్టాలు, వేళకు లేత ఆకు. "నీ పురుగులకు జరిగే మర్యాద అల్లుడికి కూడా జరగదయ్యా" అని నేను దెప్పేదాన్ని. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

మొన్నటి ఎండాకాలం మా పాప తొలికాన్పుకని కుప్పం నుంచి వచ్చింది. తొలికాన్పు పుట్టింట్లోనే జరగాలని నా పట్టు. ఆచారం మాట అటుంచితే, పెళ్ళయ్యాక మళ్ళీ కొన్నాళ్ళు నా బిడ్డ నా పక్కన పడుకుంటుందని నా ఆశ. మదనపల్లెలో డాక్టరమ్మ పరీక్ష చేసి, బీపీ కొంచెం ఎక్కువగా ఉందని, కంటినిండా నిద్రపోవాలని చెప్పింది. ఇంట్లో నిద్ర పట్టకపోతే చల్లగా ఉండే చోటికి మార్చమని కూడా అన్నది. ఆ మాట మా వియ్యపురాలి చెవిన పడింది. ఇక రోజూ ఫోనే.

"వదినా, మాది మిద్దిల్లు. ఏసీ ఉండాది. పాపను ఈడికి పంపీయండి. కాన్పు మేము సూసుకుంటాం."

ఆమె మంచికే చెప్పేది. నాకు మాత్రం ఒళ్ళు మండేది. మంచిమాట అయినందుకే ఇంకా మండేది, ఎదురు చెప్పడానికి ఏమీ దొరకదు కదా. మధ్యాహ్నమైతే మా ఇంట్లో ఫ్యాను కప్పులోని వేడినంతా తెచ్చి మా మీద పోసేది. పాప చాప మీద అటు దొర్లేది, ఇటు దొర్లేది. "ఎట్లుండాది పాపా?" అంటే, "బాగుండాను మా" అనేది. ఆ బాగుండడం కళ్ళ కింద నల్లగా కనిపిస్తూనే ఉండేది.

ఒకరోజు అంగన్‌వాడీ నుంచి మధ్యాహ్నం వచ్చేసరికి ఇంట్లో పాప లేదు. షెడ్డు దగ్గరికి పరిగెత్తాను. మల్బరీ ఆకు నిలవచేసే ముందుగదిలో, గోనెసంచులు పరుచుకుని, ఎడమవైపుకు తిరిగి నిద్రపోతోంది. ఒక చెయ్యి పొట్ట మీద ఉంది. మా ఆయన గడప దగ్గర కూర్చుని ఉన్నాడు.

"గమ్మునుండు మే, లేస్తాది" అన్నాడు నేను నోరు తెరవకముందే.

"ఎంతసేపయింది?"

"శానాసేపాయ. రోజూ వస్తాండాది. ఈడ కన్ను మూతపడతాదంట."

నా బిడ్డ నాకు చెప్పకుండా నిద్రను వెతుక్కుంటూ పురుగుల దగ్గరికి వస్తోందని తెలిసి ఏడుపొచ్చింది. ఆయన గొంతు తగ్గించి, "ఈడ పండుకోనీకూడదు మే. పురుగులకు జబ్బు రాకుండా కొట్టిన బ్లీచింగు వాసన. కడుపుతో ఉండే పిల్లకు మంచిది కాదు" అన్నాడు. అని తలెత్తి కప్పు వైపు చూశాడు. నేనూ చూశాను. ఇద్దరికీ ఒకేసారి తట్టింది. పురుగులకు చల్లదనం కావాలని ఇన్నేళ్ళుగా తెలిసినవాళ్ళం, అదే సున్నాన్ని నాలుగడుగులు అవతలున్న మా ఇంటి మీద కొట్టుకోవాలని ఏనాడూ అనుకోలేదు.

ఆ సాయంత్రమే ఆయన పుంగనూరు పోయి సున్నం తెచ్చాడు. నానబెట్టి, నా పాత వాయిల్ చీరలో వడగట్టి, రాలిపోకుండా కాస్త ఫెవికాల్ కలిపాం. తెల్లవారుజామున పురుగులకు ఆకు వేసి, రేకులు పగలకుండా అడ్డంగా చెక్కపలక వేసుకుని పైకెక్కాడు. నిచ్చెన పట్టుకుని నేను కింద నిలబడ్డాను.

"సూసి అడుగెయ్యి. నువ్వు పడితే పురుగులకు ఆకెవరేస్తారు?"

"నువ్వుండావు కదా. నీ అరుపులకు అవే లేసి తింటాయిలే."

పాలు పోసి వస్తున్న పొరుగింటామె ఆగి, "సున్నం కొడతాండారే, ఏమన్నా పెండ్లా?" అని అడిగింది. "కప్పు మీద సున్నం కొట్టే పెండ్లి యాడన్నా ఉండాదా తల్లీ?" అన్నాను. ఆమె నవ్వుకుంటూ పోయింది.

ఒక పూత ఆ పొద్దున, ఇంకో పూత మరుసటి పొద్దున. రెండో పూత వేసి ఆయన కిందికి దిగేసరికి ఫోను మోగింది. వియ్యపురాలు. "బయల్దేరినాం వదినా. పాపను పిల్సుకోని పోతాం. మా మనసు నిలవడం లేదు." పంపమని అడగడం కాదు, వచ్చేస్తున్నారు. ఎంత కోపం వచ్చిందో అంత భయమూ వేసింది. నా బిడ్డకు నిద్ర పట్టకపోతే నేను ఏ మొహంతో ఆపాలి? ఇల్లు ఊడుస్తూ, వంట చేస్తూ, ఆమెకు చెప్పాల్సిన మాటలు ఒక్కొక్కటే మనసులో పేర్చుకున్నాను. అందులో కొన్ని రాయదగినవి కావు.

మధ్యాహ్నం అన్నం తిని పాప చాప మీద ఒరిగింది. ఇల్లేమీ మంచుకొండ అయిపోలేదు. కానీ ఫ్యాను గాలి మామూలు గాలిలా తగిలింది. కాసేపు ఏదో చెబుతూ చెబుతూ, మాట మధ్యలోనే నిద్రపోయింది.

అప్పుడే కారు వచ్చింది. అల్లుడు, వియ్యపురాలు దిగారు. నేను నోటి మీద వేలు పెట్టి లోపలికి పిలిచాను. ఆమె గది గుమ్మంలో నిలబడి పాపను చూసింది. తలెత్తి రేకులను చూసింది. చప్పుడు కాకుండా వచ్చి పాప పక్కన గోడకు ఆనుకుని కూర్చుంది. కాఫీ ఇస్తే చేతిలోనే పెట్టుకుని చల్లార్చేసింది. అల్లుడు, "మా, లేపేదా? పొద్దుపోతాది" అని గుసగుసగా అడిగితే, కళ్ళెర్రజేసి బయటికి పంపింది. పాప చెంప మీద ఈగ వాలినప్పుడల్లా తన కొంగుతో తోలింది.

ఎండ వాలిపోయింది. పాప లేవలేదు. ఆమె మెల్లగా లేచి బయటికి వచ్చింది. కారు దగ్గరికి నడుస్తూ ఆగింది. చెప్పాల్సినవన్నీ నోటిదాకా తెచ్చుకుని నేను సిద్ధంగా ఉన్నాను.

"కాన్పు ఈడనే కానీయండి వదినా" అంది. నా వైపు చూడకుండా, "మా ఇంట్లో ఏసీ ఉండాది. కానీ పాప మా ఇంట్లో ఒకనాడూ ఇట్ల పండుకోలే" అంది.

పేర్చుకున్న మాటలన్నీ పక్కన పెట్టేశాను. ఆమె చెయ్యి పట్టుకున్నాను. అల్లుడు కారు స్టార్టు చేసినా, ఇద్దరం అట్లాగే నిలబడి ఉన్నాం.