బండకు రెండు పట్లు

మా పక్కింటి టీచరమ్మ పోయింది. పొద్దున రైలెక్కి తాండూరు బడికి వెళ్లిన మనిషి, పాఠం చెబుతూనే కుర్చీలో కూలబడిందట. గుండె ఆగిందన్నారు డాక్టర్లు. మధ్యాహ్నానికి వికారాబాద్‌కు తెచ్చారు. సాయంత్రానికల్లా మా గల్లీలో ఇంకో మాట పుట్టింది. పక్కింటి ముసలిదాని రోగం అంటుకునే పోయిందని. ఆ ముసలిదాన్ని నేనే.

నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే నా కోడలు రాస్తోంది. మాటలు సాపు చేసి రాస్తానంది. మాటలు సాపు చేసుకో గానీ, నా కోపాన్ని మాత్రం చేయొద్దన్నాను. చదివే మీరు టీచరమ్మను ఎరగకపోవచ్చు. కానీ ఆమె మంచితనమే ఆమెను చంపిందన్న మాట ఊళ్లో నిలబడితే నాకు ముద్ద దిగదు. అందుకే చెబుతున్నాను.

నా పెనిమిటి, నేను బతుకంతా ఇళ్లలో తాండూరు బండలు పరిచాం. ఆయన బండ కూర్చేవాడు, నేను సందుల్లో సిమెంటు పాలు పోసేదాన్ని. ఆయన పోయాక పని మానేశాను. ఆ తర్వాత కొన్నాళ్లకు నోట్లో పుండ్లు లేచాయి. ఆపైన వీపు మీద, చేతుల మీద నీటి బుగ్గలు. చీర కొంగు రాసుకుంటే చాలు, తోలు ఊడి వచ్చేది. అమ్మవారు పోసిందని కొందరు, పెద్దరోగమని కొందరు. నీళ్ల ట్యాంకర్ దగ్గర నా బిందె పక్కనున్న బిందెలన్నీ దూరం జరిగాయి. మా కోడలు కూడా నాకు వేరే గ్లాసు పెట్టింది. ఈ మాట రాయనంటోంది. రాయమంటున్నాను.

టీచరమ్మ వచ్చి, నా చేయి తన ఒళ్లో పెట్టుకుని చూసింది. హైదరాబాద్ పెద్ద దవాఖానకు తానే వెంటబెట్టుకు పోయింది. తిరిగొచ్చాక మా నేల మీద చాక్‌పీసుతో గళ్లు గీసింది. ఆమెకు చేతిలో చాక్‌పీసు లేకపోతే మాట వచ్చేది కాదు. జుట్టులో ఎప్పుడూ సుద్దపొడే.

"అవ్వా, గివి కణాలు. మన ఒళ్లంత గివే. ఒకదాన్నొకటి గట్టిగ పట్టుకొని ఉంటయి. రోగాన్ని కొట్టాల్సిన బలగం నీ ఒంట్ల దారి తప్పి గా పట్టునే కొడుతున్నది. అందుకే ఇడిసిపోతున్నయి."

"పురుగేమన్న ఉన్నదా?"

"లేదు. పురుగే లేనిది ఇంకొకరికి ఎట్లంటుతది?"

నేను ఊరుకునే రకం కాదు. "మరి తోలు అడుగు పొర ఎందుకు లేస్తలేదు? బండకు రెండు పట్లుంటయి బిడ్డా. కింద పోసిన సిమెంటు మాలుతోని ఒకటి, పక్క బండతోని ఒకటి. రెండూ పోతేనే బండ చేతికొస్తది."

ఆమె గళ్ల కింద ఇంకో గీత గీసి, చేత్తో తుడిచేసింది. "గది నాకు తెల్వదవ్వా. రేపు చెప్త" అంది. మర్నాడు రైలు దిగి ఇంటికి పోకుండా నేరుగా మా గుమ్మంలోకి వచ్చింది.

"నువ్వన్నదే ఖరే. కింది పట్టు వేరు, పక్క పట్టు వేరు. నీకు పోయింది పక్క పట్టు. అడుగు వరుస కిందిదాన్ని ఇడువలేదు. అందుకే తోలు మళ్లొస్తది. పుండు అంచున ఉన్న కణం జర పట్టు సడలిచ్చి, ముందుకు జరిగి, మళ్ల పట్టుకుంటది. గట్లనే పుండు మూసుకపోతది."

తెలియదని ఒక ముసలిదాని ముందు ఒప్పుకున్న టీచరును నేను ఆమెలోనే చూశాను. "తెల్వదంటె ఇజ్జత్ పోదవ్వా, తెలుసుకోకుంటె పోతది" అనేది.

మాత్రలతో బుగ్గలు ఎండాయి. అప్పుడు నేనొక తప్పు చేశాను. సిమెంటు గట్టిపడ్డాక నీళ్లు కొట్టడం మానేస్తాం కదా, అట్లే మాత్రలు మానేశాను. నెల తిరగకుండానే రెట్టింపు లేచాయి. టీచరమ్మ మండిపడింది. "నీ ఒళ్లు గట్టిపడ్డ నేలనా, నీళ్లు బందు పెట్టనీకె?" అని తిట్టింది. ఆ రోజు నుంచి పొద్దునా సాయంత్రం వచ్చి నా చేత మాత్రలు మింగించేది. పుండ్లకు మందు రాయడం మా కోడలికి నేర్పింది. గల్లీ చూసింది ఆ రాకపోకలనే. నేను మాత్రలు మానకపోతే ఆమె అన్నిసార్లు వచ్చేది కాదు, ఇవాళ ఈ మాటా పుట్టేది కాదు. ఇదొకటి నన్ను కూర్చోనివ్వడం లేదు.

ఆమెకు ఆఖరి స్నానం చేయించేటప్పుడు నేనూ చెంబు పట్టుకుని వెళ్లాను. పరిగి నుంచి వచ్చిన ఆమె అక్క అడ్డం నిలబడింది.

"ఓ ముసలమ్మా, ఆడనే ఆగు. నిన్ను ముట్టే నా చెల్లెకు గీ గతి పట్టింది."

"ఆగింది గుండె బిడ్డా. తోలు కాదు."

"నీకేం ఎరుక? ఎన్నడన్న బడి మొఖం చూసినవా?"

"చూడలే. నీ చెల్లె మొఖం దినాం చూసిన."

ఎవరో నా రెక్క పట్టి వెనక్కి లాగారు. ఒక్క చెంబు నీళ్లు పోయనివ్వలేదు.

పదో రోజున కోడలిని వెంటబెట్టుకుని మళ్లీ వెళ్లాను. తిడితే తిట్టనీ అనుకున్నాను. అక్క పెరట్లో నల్లా కింద చేతులు కడుగుతోంది. ఘాటు వాసన మందునీళ్లు. వేళ్ల సందులు పగిలి ఎర్రబడి ఉన్నాయి. చెల్లెలికి స్నానం చేయించింది ఆ చేతులతోనే. అది కోపం కాదని నాకప్పుడు అర్థమైంది.

"ఎన్నిసార్లు కడుగుతున్నవ్ బిడ్డా?"

ఆమె తల ఎత్తలేదు. "నాకు గూడ వస్తదా పెద్దమ్మా?"

టీచరమ్మ నాకు చెప్పిందంతా చెప్పాను. పురుగు లేదని, ఒంట్లోనే పట్టు పోతుందని, అది ఒకరి నుంచి ఇంకొకరికి దాటదని. ఆమె నమ్మినట్లు కనబడలేదు. అప్పుడు కోడలిని ముందుకు తోశాను.

"రెండేండ్ల సంది నా పుండ్లకు మందు రాసిన చేతులు గివి. నువ్వే సూడు."

ఆమె తడిచేతులు చీరకు తుడుచుకుని, కోడలి చేయి అందుకుంది. అరచేయి తిప్పి చూసింది. ఒక్కో వేలు విడదీసి సందుల్లో వెతికింది. చిటికెన వేలు దాకా వచ్చింది. చూడటం అయిపోయింది. చేయి మాత్రం వదల్లేదు.