మంచి కన్ను

పంతొమ్మిది వందల నలభైలలో, హైదరాబాద్ శాలిబండలోని ఓ కంటి దవాఖానాలో నేను చూపు పరీక్షలు నేర్చుకుంటున్న రోజులవి. లాడ్ బజార్‌లో లక్క గాజులు చేసే ముసలమ్మ ఒకామె కళ్లద్దాల కోసం వచ్చింది. మాకు పని నేర్పే ఉస్తాద్ ఆమె కుడికంట్లోకి దీపం వేసి చూసి, సంబరంగా మమ్మల్నందర్నీ పిలిచారు.

"గిట్లాంటి కన్ను మళ్ల దొరకది. ఒక్కొక్కరు వచ్చి చూడుండ్రి."

మేం వరసగా వంగి చూస్తుంటే ఆ కంట్లోంచి నీళ్లు ధారగా కారాయి. అయినా ఆమె మురిసిపోయింది.

"మంచి కన్నేనా సారూ?"

అందరూ నవ్వారు.

"మాకు మంచిదే. నీకు దాంతోని ఇగ కనవడది. రెండోది గూడ పోతది. అద్దాలు దండుగ," అన్నారు ఉస్తాద్.

ఆమె ముఖంలో నవ్వు వెంటనే పోలేదు. మాట అర్థమయ్యేదాకా అలాగే ఉంది.

ఆ జబ్బును గుర్తుపట్టడం నాకు ఆ రోజే వచ్చేసింది. రోగికి ఆ మాట ఎలా చెప్పాలో మాత్రం, వృత్తి మానేసేదాకా రాలేదు.