మూడో బండ మీద చుక్క

నా చిన్నప్పుడు, మా నాన్న పటాన్‌చెరులో ఒక ఫ్యాక్టరీలో పనిచేసే రోజుల్లో, పక్కింటి అక్క నాకు గిటారు నేర్పింది. వాళ్లది కోస్తా. ఒక ఆదివారం కాలనీ హాల్లో అక్క పాడాలి, పక్కన కూర్చుని నేను వాయించాలి. మరుసటి వారమే అక్క ఉద్యోగానికి బెంగళూరు వెళ్లిపోతోంది. ఇక మేమిద్దరం కలిసి కూర్చునేది ఆ ఒక్కసారే.

నేర్చుకోవలసింది చెప్పడానికి చిన్నదే. పిక్ అనే ప్లాస్టిక్ బిళ్లతో పక్కపక్కనున్న మూడు తీగలను వరసగా మీటి, మళ్లీ మొదటి తీగకు రావాలి. చెయ్యి మాత్రం ఒకసారి కిందికి, ఒకసారి పైకి. నా మట్టిబుర్రకు అదే ఎక్కలేదు. మొదటి తీగను కిందికి మీటాను గనక దానికెప్పుడూ కిందికే అని ఖాయం చేసుకున్నాను. రెండో చుట్టులో అది పైకి వచ్చేది. తప్పు చేశాననుకుని అక్కడే ఆగిపోయేదాన్ని.

"ఏ తీగకి ఏది వచ్చిందో చూడకే, చెయ్యి ఊగనివ్వు," అనేది అక్క. చూడకపోతే ఎలా తెలుస్తుంది? నాకు ఏడుపొచ్చేది.

శనివారం పొద్దున, హత్నూర నుంచి వచ్చిన మా నాయనమ్మ విని విని విసిగిపోయింది. "ఏందే, మల్ల మల్ల గాడనే ఆగుతున్నవ్?" అంది. చెప్పాను. నాకే సగం తెలియదు, ఆమెకేం తెలుస్తుంది! లేచి ముగ్గుపిండి తెచ్చి, గేటు దాకా పరిచిన షాబాద్ బండల్లో ప్రతి మూడో బండ మీద ఒక చుక్క పెట్టింది.

"బండకొక అడుగేసుకుంట పో. సుక్క మీద ఏ కాలు పడ్తదో జెర సూడు."

మొదటి చుక్క మీద ఎడమ కాలు పడింది. రెండో దాని మీద కుడి. తర్వాత మళ్లీ ఎడమ.

"కాలు మారిందని నువ్వు ఆగినవా మరి?"

ఆగలేదు. అయినా ఈ నడకకూ గిటారుకూ ఏం సంబంధమో పూర్తిగా బోధపడలేదు. ఆదివారం పాట మధ్యలో ఏ తీగ దగ్గర ఉన్నానో మరిచిపోయాను. చెయ్యి మాత్రం ఊగుతూనే ఉంది. అక్క ఒకసారి నా వైపు చూసి, నవ్వి, చివరిదాకా పాడింది.

నాయనమ్మ పోయిన రోజు ఆమెను మోసుకుని అందరూ గేటు దాటారు. ముందుకు వెళ్లాలో ఇంట్లోకి పోవాలో తెలియక నేను ఆ బండల మీదే నిలబడిపోయాను. "ఆగినవా మరి?" అని ఆమె అడిగిన మాట గుర్తొచ్చింది. ఏ కాలు ముందు వేశానో తెలియదు గాని, నడిచాను.