రాక్షసుడి పెళ్ళాం హావిస్

మా అన్న రాక్షసుడు కాడు. స్వేల్ నది మీద పడవ నడిపేవాడు. పేరు థర్‌స్టన్. మనిషి పొడుగు, గుమ్మం దగ్గర తల వంచకపోతే నుదురు పగిలేది. అంత మనిషీ పొరుగింటి పెద్దబాతు వెంటపడితే కేకలు పెడుతూ పరిగెత్తేవాడు. అతని పెళ్ళాం హావిస్, మా వదిన, ఆ బాతుని చీపురుతో తరిమి, "నిన్ను కట్టుకున్నందుకు నాకిదొక పని" అని తిట్టేది. ఇద్దరు పిల్లలు. రేవు పక్కనే ఇల్లు. నేనూ ఆ ఇంట్లోనే ఉండేదాన్ని.

ఒక ఏడు మంచు కరిగి ఏరు పొంగింది. మేం ఆడవాళ్ళం ఒడ్డున బట్టలు ఉతుకుతున్నాం. మా భూములన్నిటికీ దొర అయిన సర్ ఫుల్క్, రెండు యుద్ధపు గుర్రాలతో, వెనక బల్లెం మోసే నౌకరుతో రేవుకొచ్చాడు. అవతలి ఒడ్డున ఎక్కడో గుర్రాల మీద బల్లేలతో పొడుచుకునే పోటీ ఉందట. ఆలస్యమైపోతోందట.

"దొరా, మిమ్మల్నయితే ఎలాగో దాటిస్తాను. గుర్రాల్నెక్కిస్తే పడవ బోల్తా కొడుతుంది. రేపటికి నీళ్ళు తగ్గుతాయి, ఆగండి" అన్నాడు అన్న.

"నన్ను ఆగమంటున్నావా?"

"నేను కాదు దొరా, ఏరు ఆగమంటోంది."

బట్టలుతికే వాళ్ళలో ఎవరో కిసుక్కున నవ్వారు. మాట మామూలుదే, నవ్వూ మామూలుదే. దొర మా వైపు ఒకసారి చూశాడు. కత్తి దూశాడు. అన్న పడవ అంచు మీద వెల్లకిలా పడ్డాడు. వదిన నీళ్ళలోకి దూకి చేరేసరికే ప్రాణం లేదు. దొర కత్తిని గుర్రం జీనుగుడ్డకి తుడుచుకుని, ఏటికి ఎగువన వంతెన ఉంది, దాని మీదుగా చుట్టూ తిరిగి వెళ్ళిపోయాడు. ఆ వంతెన పొద్దున్న కూడా అక్కడే ఉంది.

చావుల విచారణకి రాజుగారి అధికారి వచ్చాడు. ఊరి మగవాళ్ళు వరసగా నిలబడి సువార్త మీద చెయ్యేసి, థర్‌స్టన్ కాలుజారి పడవ అంచుకి తల కొట్టుకుని పోయాడని చెప్పారు. అందరివీ ఫుల్క్ దొర భూములే మరి. ఒడ్డున ఉన్నది మేము. మమ్మల్నెవరూ అడగలేదు. మనిషిని చంపిన వస్తువు రాజుగారికి జప్తు కావాలని చట్టం. తప్పు పడవదని తేలింది కాబట్టి పడవని తీసుకుపోతామన్నారు.

వదిన ఆ అధికారి బల్ల ముందుకి వెళ్ళి నిలబడింది. "అయ్యా, పడవకి కత్తెక్కడిది?"

"అమ్మా, పక్కకి జరుగు."

"తప్పు దానిదేనంటున్నారుగా, ఉరి తియ్యండి మరి! సంతలో అందరూ చూస్తుండగా ఆ పడవ మెడకి తాడు వెయ్యండి!"

ఆమెని బయటికి లాగేశారు. పడవ పోయింది. వదిన ఊళ్ళో వాళ్ళ బట్టలుతికీ, ఉన్ని వడికీ పిల్లల్ని సాకింది. సువార్త మీద చెయ్యేసిన మగవాళ్ళెవరైనా ఎదురైతే ఆగి, మొహంలోకి చూసి, "కాలు జాగ్రత్త, జారుతుంది" అనేది. వాళ్ళు దారి మార్చుకుని తిరగడం మొదలెట్టారు.

సెయింట్ మైకేల్ పండుగకి దొరగారి కోటలో విందు. వంటింటి చాకిరీకి మమ్మల్నందర్నీ పిలిచారు, రానంటే కుదరదు. వదిన వేయించిన బాతుల పళ్ళెం ఎత్తుకుని హాల్లోకి వెళ్ళింది. నేను హాలు గుమ్మంలో రొట్టెల బుట్టతో నిలబడ్డాను. వైమండ్ అనే పాటగాడు హార్పు మీటుతూ కొత్త పాట ఎత్తుకున్నాడు. స్వేల్ రేవులో పన్నెండడుగుల రాక్షసుడున్నాడట. దారినపోయే వాళ్ళని పచ్చిగా నమిలేవాడట. బంగారు జుట్టు రాకుమారిని గుహలో చెరపట్టాడట. వీరుడు ఫుల్క్ పొద్దు పొడిచింది మొదలు పొద్దు గూకేదాకా పోరాడి వాడి తల తెగనరికితే, రాకుమారి ఏడుస్తూ వచ్చి వీరుడి కాళ్ళ మీద పడి దండం పెట్టిందట.

బల్లల దగ్గరున్న దొరలు కప్పులు మోగించారు. వదిన తిన్నగా ఫుల్క్ దొర ముందుకెళ్ళి పళ్ళెం దించింది.

"ఆ రాకుమారిని నేనే దొరా."

హాలంతా గొల్లున నవ్వింది. చేతులకి బాతు కొవ్వు, తలకి మాసిన గుడ్డ. దొర కూడా నవ్వాడు. తర్వాత ఆట రక్తి కట్టించాలనుకున్నాడో ఏమో, లేచి, గుండె మీద చెయ్యేసుకుని వంగాడు.

"తల్లీ, ఆపదలో ఉన్న ఆడదానికి అండగా ఉంటానని కత్తి ముద్దాడి ప్రమాణం చేసినవాణ్ణి. నీకేం కష్టమొచ్చిందో చెప్పు."

"నా మొగుణ్ణి చంపారు."

"ఎవరు?"

నేను అతని మొహం చూశాను. నటన కాదది. నటనైతే నాకింత మండేది కాదు. అతనికి నిజంగానే గుర్తు లేదు. రాక్షసుడు గుర్తున్నాడు, మా అన్న గుర్తు లేడు.

వదిన పొగలు కక్కుతున్న బాతుని రెండు చేతులా ఎత్తి అతని గుండెకేసి కొట్టింది.

మర్నాడు ఆమె కాళ్ళని చెక్క బొండలో బిగించి సంత మధ్యలో కూర్చోబెట్టారు. అరచేతులు బొబ్బలెక్కి ఉన్నాయి. నేను పక్కన కూర్చుని ఓట్స్ రొట్టె తుంచి నోట్లో పెడుతున్నాను. వైమండ్ వచ్చాడు. ఊరు వదిలి పోతున్నట్టున్నాడు, భుజాన హార్పు సంచి ఉంది. జున్నుముక్క ఒకటి చాపాడు. వదిన తీసుకోలేదు.

"అమ్మా, నాకు తెలీదు. రేవులో ఒక పొడుగాటి వాడు అడ్డం నిలబడ్డాడని దొరగారి నౌకరు చెప్పాడు. పొడుగాటి వాణ్ణి నేను రాక్షసుణ్ణి చేశాను. మా పనే అది."

"మరి నన్నెందుకు గుహలో పెట్టావురా?"

"ఆడమనిషి లేకపోతే హాల్లో ఎవరూ వినరమ్మా."

"వాడి కాళ్ళ మీద పడ్డానా నేను?"

అతను హార్పు సంచి సర్దుకున్నాడు. "బాణీకి అలా కుదిరింది."

"నీ మాటలు నువ్వే నంజుకుని తిను. బాణీ మాత్రం నేను ఉంచుకుంటాను."

"బాణీలకేముందమ్మా, ఎవరైనా పాడుకోవచ్చు" అంటూ జారుకున్నాడు.

బొండ తీశాక వదిన రేవుకొచ్చింది. చేతులు నీళ్ళలో పెట్టలేక ఒడ్డున కూర్చుంది. కూర్చునే పాట కట్టింది. ఒక చరణం ఆమె అనేది, బట్ట బండకేసి కొడుతూ మేం అందుకునేవాళ్ళం.

దొరగారూ దొరగారూ ఎందాక పయనం?
ఏరు పొంగిందమ్మా, ఏరు పొంగింది.
బల్లేల పోటీకి, పదిమంది మెప్పుకి.
ఏరు పొంగిందమ్మా, ఏరు పొంగింది.
పడవన్న తప్పేమి, పలికిన మాటేమి?
ఏరు పొంగిందమ్మా, ఏరు పొంగింది.
ఆగమని అన్నాడు, అంతే అన్నాడు.
ఏరు పొంగిందమ్మా, ఏరు పొంగింది.

విచారణలో మమ్మల్ని అడగలేదు కదా, అడగనివన్నీ అందులో చెప్పాం. వంతెన సంగతి చెప్పాం. జీనుగుడ్డ సంగతి చెప్పాం. సువార్త మీద చేతులేసిన వాళ్ళ పేర్లు ఒక్కొక్కటీ చెప్పాం. వాళ్ళ పెళ్ళాలు కూడా మాతోపాటే పాడారు. ఇళ్ళకెళ్ళాక ఏం జరిగిందో నాకు తెలీదు.

పాట పొరుగూళ్ళకి పాకింది. దొరగారి పేష్కారు రేవుకొచ్చి గుర్రం దిగకుండానే అరిచాడు. "ఎవత్తె కట్టిందీ పాట?"

"మా అమ్మమ్మ కాలం నాటిదండీ" అంది ఒకామె.

"మీ అమ్మమ్మ కాలంలో ఫుల్క్ దొర ఉన్నాడా?"

"ఎవడో ఒకడు ఎప్పుడూ ఉంటాడు కదండీ."

అతను కొరడా తిప్పాడు. ముగ్గురికి తగిలింది. వదినకి చెంప చీరుకుపోయింది, ఆ మచ్చ అలాగే ఉండిపోయింది. రేవులో పాట నిషేధమన్నారు. సరే, పొలాల్లో పాడాం.

చాలా ఏళ్ళకి, పిల్లలు పెద్దవాళ్ళయ్యాక, ఉన్ని అమ్మడానికి నేనూ వదినా యార్క్ సంతకి వెళ్ళాం. బీరు కొట్టు ముందు జనం గుమిగూడి ఉన్నారు. లోపల ఎవడో మా పాట పాడుతున్నాడు. వదిన నా చెయ్యి పట్టుకుంది. మాటలు కొన్ని మారాయి, పర్లేదు. ఆఖరికొచ్చేసరికి, పడవవాడి అందాల భార్య తెల్లటి గౌను తొడుక్కుని, జుట్టు విరబోసుకుని, ఏట్లో దిగి మునిగిపోయిందట. ఇద్దరినీ ఒకే గోతిలో పూడిస్తే పైన పూలు పూశాయట. ఆడవాళ్ళు కళ్ళొత్తుకుంటున్నారు.

వదిన జనాన్ని తోసుకుంటూ వెళ్ళింది. "ఏరా, నేనెప్పుడు చచ్చాను?"

వాడు బిత్తరపోయాడు. "ఎవరమ్మా నువ్వు?"

"ఆ పడవవాడి పెళ్ళాన్ని. నేను చచ్చుంటే నా పిల్లల్ని ఎవడు సాకాడు, నీ బాబా? తెల్ల గౌనట! నా బతుకులో తెల్ల గౌను తొడిగానా? చంపింది వాడైతే చావాల్సింది నేనా? మళ్ళీ పాడు. నేను చెప్పినట్టు పాడు."

దారి వదల్లేదు. ఒక్కో చరణం తను చెప్పి వాడి చేత పాడించింది, దొరగారి పేరుతో సహా. వాడు భయం భయంగా పాడాడు. జనానికి నచ్చలేదు. మునిగిపోకపోతే కథేముంది అన్నట్టు ఒక్కొక్కరే కప్పులు పట్టుకుని లోపలికెళ్ళిపోయారు. వదిన ఖాళీ వీధిలో నిలబడి వాళ్ళ వీపుల కేసి అరిచింది. "ఏడవండి, ఇప్పుడేడవండి! బతికున్నదాని కోసం ఏడవడానికి మీకేం రోగం?"

ఫుల్క్ దొర మెత్తటి పరుపు మీద పోయాడు. మా చర్చిలో రాతితో అతని బొమ్మ చెక్కి పడుకోబెట్టారు, చేతులు జోడించి, పాపం తెలియని మొహంతో. అప్పట్నుంచీ వదిన ప్రతి ఆదివారం పొరుగూరి చర్చికి నడిచింది, మోకాళ్ళు వాచిపోయినా, మంచు పడుతున్నా.

ఆమె చివరి జబ్బులో పాదిరి మంచం పక్కన కూర్చుని బతిమాలాడు. "హావిస్, దొరని క్షమించానని ఒక్క మాట అను తల్లీ. మనశ్శాంతిగా పోతావు."

"వాడు అడిగాడా?"

"ఆయన పోయి ఎన్నేళ్ళయింది!"

"బతికుండగా ఎప్పుడైనా అడిగాడా అంటున్నాను."

పాదిరి చివరికి ఆ మాట అడగడం మానేసి, ఆమె నుదుటికి పవిత్ర తైలం రాసి వెళ్ళిపోయాడు. మంచివాడే. ఆమెని అన్న పక్కనే పూడ్చాం. పూలేం పుయ్యలేదు, గడ్డే మొలిచింది.

పాట ఇంకా తిరుగుతోంది. మునిగిపోయే పాటే ఎక్కువమంది పాడతారు. నేనున్న చోట ఎవరైనా ఎత్తుకుంటే మాత్రం నోరు ముయ్యమంటాను.