గంట ప్రయాణం

కౌలాలంపూర్‌లో ఉన్న మా చెల్లెలి భర్తకి గుండె ఆపరేషన్ అని తెలిసిన సాయంత్రం నేను చేసిన మొదటి పని, సింగపూర్‌లో ఉన్న తమ్ముడి మీద కేకలేయడం. ఏడుపు తర్వాత వచ్చింది.

నేను ఉయ్యూరులో సోషల్ టీచర్ని. మ్యాపులో దూరాలు చూపించడమే నా ఉద్యోగం. ఫోన్లో చూశాను. సింగపూర్ నుంచి కౌలాలంపూర్‌కి దాదాపు మూడు వందల కిలోమీటర్లు, విమానంలో గంట. గంటంటే నాకు ఉయ్యూరులో బస్సెక్కి పక్క సిటీలోని బెంజ్ సర్కిల్‌లో దిగడం. నేనే వెళ్దామంటే పాస్‌పోర్టు కూడా లేదు. చెల్లెలు పరాయి దేశంలో ఆపరేషన్ థియేటర్ బయట ఒక్కతే కూర్చోవాలా? పుట్టింటి మనిషి ఒక్కరూ పక్కన లేకపోతే అత్తగారి వైపు వాళ్ళు ఏమనుకుంటారు? నిజానికి ఈ రెండో ప్రశ్నే ముందు వచ్చింది. ఒప్పుకోవాలంటే ఇప్పుడు సిగ్గుగా ఉంది.

"రేపు పొద్దున్నే ఆపరేషన్‌రా. గంట ప్రయాణం. బయల్దేరు," అన్నాను.

"గాల్లో ఉండేది గంటక్కా. ఇంటి నుంచి ఎయిర్‌పోర్టుకి వెళ్ళాలి, అక్కడ క్యూలు, దిగాక ఊళ్ళోకి ఇంకో గంట. మొత్తం ఆరేడు గంటలవుద్ది. పైగా ఆఫీసులో సెలవు దొరకలేదు. శనివారం వెళ్తా."

"నాకు లెక్కలు చెప్పకు. ఇక్కడ గన్నవరం ఎయిర్‌పోర్టు నుంచి వెళ్ళమన్నానా నిన్ను? వెళ్ళాలని ఉంటే గంట, లేకపోతే ఏడు గంటలు!" అని ఫోన్ పెట్టేశాను.

ఆపరేషన్ బాగానే జరిగింది. బయట చెల్లెలు ఐదు గంటలు ఒక్కతే కూర్చుంది. పక్కనున్న ఎవరో పెద్దావిడ బిస్కెట్లు ఇచ్చిందట. తమ్ముడు చెప్పినట్టే శనివారం వెళ్ళాడు. నా కోపం మాత్రం చల్లారలేదు. కనిపించిన చుట్టాలందరికీ వాడి సంగతి చెప్పాను. మూడు వారాలు వాడి ఫోన్ ఎత్తలేదు.

మొన్న ఆదివారం ఎత్తాను. ఎత్తి, పాఠమంతా మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. వాడు అడ్డు రాలేదు. నేను ఆగాక మెల్లగా అన్నాడు.

"నాన్నకి బెంజ్ సర్కిల్ దగ్గర హాస్పిటల్లో ఆపరేషన్ చేసినప్పుడు కాగితాల మీద సంతకం నేనే పెట్టానక్కా. అప్పటికి నా ఇంజనీరింగే అవలేదు. నువ్వు నాలుగో రోజు వచ్చావు. ఇన్నేళ్ళూ అడగలేదు, ఇప్పుడు అడుగుతున్నా. ఆ మూడు రోజులూ ఉయ్యూరు నుంచి బస్సుల్లేవా?"

అమ్మ అంతకుముందే పోయింది. చెల్లెలు అప్పటికే కౌలాలంపూర్‌లో ఉంది. ఆస్పత్రిలో నాన్న దగ్గర వాడొక్కడే ఉన్నాడు. పరీక్షల డ్యూటీ అని మొదటి రోజు ఆగాను. ఇంటికి ఎవరో వచ్చారని రెండో రోజు ఆగాను. గంటేగా, రేపు వెళ్దాంలే అని మూడో రోజూ ఆగాను. దగ్గర కాబట్టే ఆగాను. దూరమైతే మొదటి రోజే పరిగెత్తేదాన్నేమో. నాలుగో రోజు క్యారియర్ సర్దుకుని వెళ్ళేసరికి నాన్న కళ్ళు తెరిచే ఉన్నారు గానీ నన్ను గుర్తుపట్టలేదు. ముందు రోజు దాకా బాగానే మాట్లాడారట. ఆ వారంలోనే పోయారు.

"ఉన్నాయిరా," అన్నాను. "పావుగంటకొకటి ఉంది."

వాడు ఫోన్ పెట్టేయలేదు. ఆ మూడు రోజుల్లో నాన్న నాకోసం అడిగారా అని వాణ్ణి అడగాలనుకున్నాను. అడగలేకపోయాను.