దెయోలిందా కలిపిన కాగులు

దెయోలిందా కాపురానికి వచ్చిన వారానికే అత్తగారు పెర్పెతువా ఆమెను వైన్ కొట్టు గుమ్మం దగ్గర నిలబెట్టి చెప్పింది.

"లోపలికి రావద్దని కాదమ్మా. ఊడవచ్చు, గ్లాసులు కడగచ్చు, వచ్చినవాళ్లకి పొయ్యచ్చు. ఆ నాలుగు రోజులు మాత్రం ఈ గడప దాటకు. ద్రాక్ష పులుస్తున్నప్పుడైతే అసలే దాటకు. వైన్ విరిగిపోతుంది."

"ఎప్పుడైనా విరిగిందా అత్తయ్యా?"

"దాటితే కదా, విరగడానికి!"

దెయోలిందా తండ్రి ఊరూరా తిరిగి, సీసా బిరడాలకు వాడే బెండు చెట్ల బెరడు ఒలిచే కూలీ. పుట్టింట్లో వైన్ అంటే కూజా పట్టుకెళ్లి కొనుక్కొచ్చేదే తప్ప, అది ఎలా తయారవుతుందో ఎవరికీ తెలియదు. విదిగెయిరా పట్నం దగ్గరి ఈ ఊళ్లో మామగారు జకారియాస్‌కు మూడెకరాల ద్రాక్షతోట, తాతలనాటి ఏడు మట్టికాగులు ఉన్నాయి. ఒక్కో కాగు నిలువెత్తు మనిషిని మించి ఉంటుంది. నల్లద్రాక్షను చితక్కొట్టి తొక్కలతో, గింజలతో అందులో నింపుతారు. మరొకటి కలిపేది లేదు. దాన్ని ఆ కొట్లోనే అమ్ముతారు. ఏడాది తిరిగేసరికి దెయోలిందా చేయి ఆ పనులన్నిటికీ అలవాటుపడింది. ఆ నాలుగు రోజులూ మాత్రం కోళ్లగూడు, వంటిల్లు చూసుకునేది.

1968 వసంతంలో ఆమె భర్త అదెలీనును సైన్యం అంగోలా యుద్ధానికి తీసుకుపోయింది. ఇంట్లో ముగ్గురు మిగిలారు. ఆ సెప్టెంబరులో ద్రాక్ష కోసి కాగులు నింపిన మూడో రోజున జకారియాస్ నిచ్చెన మీంచి జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాడు. బేజా ఆసుపత్రిలో తొడదాకా కట్టు కట్టి పంపారు. పెరటి పక్క గదిలో మంచం వేశారు.

పులిసే ద్రాక్ష మనిషి కాలు విరిగిందని ఆగదు. తొక్కలు పైకి తేలి, గట్టిపడి, మూత బిగించినట్టు కూర్చుంటాయి. రోజుకు మూడుసార్లు నిచ్చెనెక్కి, పొడవాటి కర్రతో వాటిని కిందికి నొక్కి కలపాలి. లేకపోతే లోపలి ఆవిరికి దారి దొరక్క కాగు పగులుతుంది. జకారియాస్ తండ్రి కాలంలో ఒక కాగు అలాగే పగిలి, వైన్ వీధిలోకి పారిందట. అందుకని జకారియాస్ పక్కింటి బెల్మీరును బతిమాలుకున్నాడు. బెల్మీరు మూడు రోజులు వచ్చి కలిపాడు. నాలుగో రోజు పొద్దున రాలేదు. మధ్యాహ్నానికి, జ్వరంతో మంచమెక్కానని కబురు పంపాడు.

అది దెయోలిందా గడప దాటకూడని రెండో రోజు. ఆమె గుమ్మంలో నిలబడి లోపలికి చూసింది. పెద్ద కాగు మూతి పైకి తొక్కలు గుమ్మటంలా ఉబ్బి, పైన ఎండి, నెర్రెలు విచ్చాయి.

"అత్తయ్యా, ఆ పెద్ద కాగు చూడండి."

"నువ్వు చూడకు. అవతలికి పో."

"పగిలిపోతుందత్తయ్యా. మీ మోకాళ్లతో మీరెలాగూ నిచ్చెన ఎక్కలేరు."

"మరియమ్మ తల్లీ, ఈ బెల్మీరుకి జ్వరం ఇవాళే రావాలా? నీకు కూడా ఇవాళే…"

"ఏం చెయ్యమంటారు? ఇంకో రెండు రోజులు ఆగమని కాగుతో చెప్పనా?"

పెర్పెతువా ముఖం తిప్పుకుని పెరట్లోకి నడిచింది. "నేను కోళ్లకి మేత వెయ్యడానికి పోతున్నా. నేనేం చూళ్లేదు."

దెయోలిందా గడప దాటింది. నిచ్చెనెక్కి కర్రతో నొక్కితే తొక్కలు కదల్లేదు. ఒళ్లంతా కర్ర మీద వాల్చి నొక్కింది. అప్పుడు తెట్టు విరిగి, లోపలి నుంచి వేడి ఆవిరి ముఖానికి కొట్టింది. మోచేతులదాకా ఎర్రటి నురుగు అయింది. కళ్లు తిరిగితే దిగి, గుమ్మంలో గాలి పీల్చుకుని మళ్లీ ఎక్కింది. ఏడు కాగులూ కలిపేసరికి నడుము పట్టేసింది.

గదిలోంచి జకారియాస్ కేకేశాడు. "బెల్మీరు వచ్చాడా? కలిపాడా?"

"కలపడం అయింది మామయ్యా," అంది దెయోలిందా.

ఎవరు కలిపారన్నది ఆయన మళ్లీ అడగలేదు, ఆమె చెప్పలేదు. బెల్మీరు జ్వరం తగ్గడానికి ఆరు రోజులు పట్టింది. లేచి వచ్చాక విషయం విని, "నాకెందుకమ్మా, నేను నోరెత్తను," అన్నాడు. ఆ ఆరు రోజులూ, తర్వాత కూడా ఆమే కలిపింది. సాయం చేసినందుకు జకారియాస్ అతనికి రెండు మూరల పంది మాంసం సాసేజి పంపిస్తే, దాన్ని మాత్రం నోరెత్తకుండానే తిన్నాడు.

ఆ తర్వాతి వారాలు పెర్పెతువాకు గడవడం కష్టమైంది. రోజూ పొద్దున్నే కాగుల మీది గుడ్డలు ఎత్తి వాసన చూసేది. "ఇంకా ఏం కాలేదు," అని చంటిపిల్లకు జ్వరం చూసినట్టు చెప్పేది.

నవంబరు పదకొండున, సెయింట్ మార్టిన్ పండుగనాడు, కాగులు తెరిచారు. జకారియాస్ చంకకర్ర మీద వచ్చి పెద్ద కాగు అడుగున కుళాయి దిగ్గొట్టాడు. తేరుకున్న వైన్ సన్నటి ధారగా మట్టి తొట్టిలో పడింది. ఊళ్లో మగవాళ్లంతా కాల్చిన చెస్ట్‌నట్ కాయలు ఒలుచుకుంటూ చూస్తున్నారు. జకారియాస్ ఒక గుక్క తాగి, మళ్లీ ఒక గుక్క తాగాడు.

"మా నాన్న పోయాక ఇలాంటిది తాగలేదు. బెల్మీరూ, నీ చేతిలో ఏదో ఉందిరా!"

బెల్మీరు నేల చూశాడు. పెర్పెతువా రెండు నెలలుగా బిగబట్టింది ఇక ఆగలేదు.

"వాడి చేతిలో ఏం లేదు. వాడు మూడు రోజులు కలిపి మంచమెక్కాడు. కలిపింది ఇది, మన కోడలు. ఆ రోజుల్లోనే కలిపింది. ఏడుకి ఏడూ!"

"ఏ రోజుల్లో?" అన్నాడు జకారియాస్.

"నలుగురిలో చెప్పిస్తావా నా చేత?"

మగవాళ్లు తమ గ్లాసుల్లోకి చూసుకున్నారు. వెనకనించి ఎవరో, "నాకింకో గ్లాసు పొయ్యండి, విరిగేలోపు తాగేస్తా," అన్నాడు. కొట్టంతా నవ్వింది. జకారియాస్ మాత్రం గ్లాసు బల్ల మీద పెట్టి, చంకకర్ర టకటకలాడించుకుంటూ వెళ్లిపోయాడు. దెయోలిందాకు చెవులు ఎర్రబడ్డాయి. వైన్ బాగుందన్న సంతోషం కన్నా, అంతమంది ముందు తన సంగతి బయటపెట్టారన్న కోపమే ఎక్కువైంది. రెండు రోజులు అత్తగారితో మాట్లాడలేదు.

ఆ చలికాలమంతా జకారియాస్ తన వైన్ ముట్టలేదు. బెల్మీరు దగ్గర నీళ్లలాంటిది తెప్పించుకుని పంతానికి తాగాడు. ఫిబ్రవరికి ఏడు కాగులూ అమ్ముడై ఖాళీ అయ్యాయి.

కాలు వంకరగా అతుక్కుంది. మరుసటి సెప్టెంబరులో ఆయన నిచ్చెన కింద నిలబడి కోడలికి కర్ర అందించాడు.

"పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం. ఒక్కపూట మానినా ఊరుకోను."

"అన్ని రోజులూనా మామయ్యా?"

"మధ్యలో మానితే పగలదూ?" అని విసుక్కుని, గుమ్మం బయట కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

అదెలీను 1970లో అంగోలా నుంచి తిరిగొచ్చాడు. కొట్లో చీకటి అతనికి పడలేదు. లారీ నడపడం నేర్చుకుని బెరడు తోలేవాడు. కొట్టు దెయోలిందాదే అయింది. పెర్పెతువా పోయిన తర్వాత, డెబ్బై ఏడులో, ఒక కాగులో వైన్ నిజంగానే విరిగి వెనిగర్ అయింది. దెయోలిందా గ్లాసు తెచ్చి ముసలాయనకు ఇచ్చింది. ఆయన చప్పరించి ఉమ్మేశాడు. ఇక ఆ నాలుగు రోజుల మాటే అంటాడని ఆమె తల వంచుకుంది.

"నూనె తక్కువ పోశావు," అన్నాడు జకారియాస్. "గాలి సోకకుండా పైన వేలెడు మందం ఆలివ్ నూనె తేలాలని ఎన్నిసార్లు చెప్పాను? తలకెక్కదు నీకు."

తిట్టు తిని అంత హాయిగా ఎప్పుడూ అనిపించలేదని ఆమె తర్వాత చెప్పుకునేది.

భుజం పడిపోయేదాకా, తనకు డెబ్బై నాలుగేళ్లు వచ్చేవరకు, దెయోలిందాయే కాగులు కలిపింది. ఇప్పుడు బెల్మీరు మనవరాలు మఫాల్దా కలుపుతోంది. వెల్లుల్లి, కొత్తిమీర దంచి వేసిన రొట్టెముక్కల మీద వేడినీళ్లు పోసుకుని, పక్కన అరగ్లాసు ఎర్రవైన్ పెట్టుకుని, ముసలామె కొట్లోనే మధ్యాహ్నం భోజనం చేస్తుంది. కర్ర చప్పుడు వింటూ, "అడుగుదాకా పోలేదే పిల్లా, మళ్లీ నొక్కు," అంటుంది. మఫాల్దా గొణుక్కుంటూనే మళ్లీ నొక్కుతుంది.