నేను కోయని పడుగు

ఇన్నేళ్లుగా ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. నా భార్యకు కూడా చెప్పలేదు. ఆమె పోయి నాలుగేళ్లయింది, ఇంక చెప్పే వీలూ లేదు. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో తెలుసుకుని మీరు చేసేదీ లేదు. అదే మంచిది. మోసి మోసి అలిసిపోయాను, అంతే. చెప్పుకుంటే తప్పు తగ్గుతుందన్న ఆశ నాకు లేదు.

పంతొమ్మిది వందల యాభైల చివర్లో నేను పెనుకొండలో, కొండ కింద ఒక చిన్న ఆసుపత్రిలో పనిచేసేవాణ్ణి. వెనకవైపు మతి చెదిరినవాళ్ల వార్డు ఉండేది. ఊళ్లోవాళ్లు దాన్ని ఏమని పిలిచేవాళ్లో వేరే చెప్పాలా? మాది హిందూపురం దగ్గర పల్లె, సేద్యం చేసుకునే ఇల్లు. బెంగుళూరులో ఆరు నెలలు నేర్చుకుని వచ్చి ఈ పనిలో చేరాను. మందులివ్వడం నా పని కాదు. రోగుల్ని గుంపులుగా కూర్చోబెట్టి ఏదో ఒకటి చేయించడం నా పని. ఏ గుంపుకు ఏ పని, ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలి, ఎంతసేపు, అంతా ముందురోజే నోటుబుక్కులో రాసుకునేవాణ్ణి. ఒక గుంపు ఆకుకూరల మడి చూసేది, ఒకటి భజన చేసేది, ఒకటి శనక్కాయలు ఒలిచేది. ఒలిచిన వాటిలో సగం కడుపుల్లోకే పోయేవి. పోనీలే, అదీ వైద్యమే అనుకునేవాణ్ణి. మా నాయన మాత్రం "ఎద్దుల్ని తోలమంటే మావోడు పిచ్చోళ్లను తోలుకుంటాండాడు" అని ఊరంతా చెప్పి నవ్వేవాడు. నేనూ నవ్వేవాణ్ణి. లోపల మాత్రం కాలేది.

నాగప్పను అతని భార్య రత్నమ్మ ధర్మవరం నుంచి తీసుకొచ్చింది. పట్టుచీరలు నేసే ఇల్లు. అన్న చనిపోయినప్పటి నుంచి అతను మగ్గం ఎక్కడం మానేశాడు, తర్వాత మాట మానేశాడు, తర్వాత తిండీ మానేశాడు. వార్డులో ఎవరో దానం చేసిన పాత మగ్గం ఒకటి ఉండేది. దాని మీద తుండుగుడ్డలు నేయించాలని నా తాపత్రయం. నాకు ఆ పని రాదు, రోగులకూ రాదు. ఊళ్లో ఒకాయన పడుగు ఎక్కించి ఇచ్చేవాడు, మేము పోగులు తెంపేవాళ్లం. నాగప్పను అక్కడ కండెలకు నూలు చుట్టడానికి కూర్చోబెట్టాను. రెండు నెలలు ఊరికే గోడను చూస్తూ చుట్టాడు. ఒకరోజు మగ్గం మీద ఉన్న రోగి, అడ్డపోగును లాక్కెళ్లే నాడె విసిరిన తీరుకు నాలుగు పోగులు తెగాయి. నాగప్ప లేచి వచ్చాడు. తెగినవి ముడేశాడు. "ఆ చెయ్యి కాదప్పా, ఈ చెయ్యి" అన్నాడు. రెండు నెలల్లో అదే మొదటి మాట.

అబ్బా, ఆరోజు నా సంతోషం! అబద్ధమెందుకు, నిజంగానే సంతోషపడ్డాను. ఆ తర్వాత అతని చుట్టూ ఆరుగురు చేరారు. ఒక్కో పనీ నేర్పాడు. అరిచేవాళ్లు అరవడం తగ్గించారు. "పట్టు నేసే చేతులకు తుండుగుడ్డలు ఇస్తివి సార్, మా మగ్గం చూస్తే ఏడుస్తాది" అని నన్ను ఎగతాళి కూడా చేసేవాడు. ఎగతాళి చేసే మనిషికి ఇంకేం జబ్బుంటుంది? ఆ సంగతి నాకు తెలుసు. నా కంటే ముందు తెలిసినవాళ్లెవరూ లేరు.

మగ్గం ఇళ్లలో అమావాస్యనాడు పని ముట్టరు. అందుకని ప్రతి అమావాస్యకూ రత్నమ్మ చంటిబిడ్డను చంకనేసుకుని రైలుకు వచ్చేది. ఒకసారి నా బల్ల దగ్గర నిలబడి, "సార్, పాపకు మాటలు వస్తాండాయి. మా అన్నను పట్టుకుని నాయనా అంటాది. ఈయన ఇంటికి ఎప్పుడొస్తాడు సార్?" అంది. నేను డాక్టరుగారి చేతిలో ఉందమ్మా అన్నాను. డాక్టరు నెలకొకసారి బెంగుళూరు నుంచి వచ్చేవాడు. ఒక పూట ఉండేవాడు. ఎవర్ని ఇంటికి పంపొచ్చో నా నోటుబుక్కు చూసి నిర్ణయించేవాడు. అంటే ఎవరి చేతిలో ఉన్నట్టు?

ఆ నెల నాగప్ప పేరు ఎదురుగా "ఇంకా ఆగాలి" అని రాశాను. మరుసటి నెలా అదే రాశాను.

ఎందుకంటే హైదరాబాదు నుంచి ఆరోగ్యశాఖ పెద్దవాళ్లు మా వార్డు చూడటానికి వస్తున్నారు. నా మగ్గం గుంపును చూడటానికే వస్తున్నారు. నాగప్ప పోతే గుంపు లేదు. మిగతా ఆరుగురూ మళ్లీ మూలలు పట్టుకుంటారని నాకు నేను చెప్పుకున్నాను. అదీ అబద్ధం కాదు. కానీ రాసేటప్పుడు నా మనసులో ఆ ఆరుగురు ఉన్నారా? లేరు. పేపర్లో నా ఫోటో వస్తే మా నాయన మొహం ఎట్లుంటుందా అన్నదే ఉంది.

నాగప్ప అడిగినప్పుడు, "ఈ పడుగు అయిపోనీప్పా, ఇంటికి పోదువు" అన్నాను. అతను నమ్మాడు. రోజుకు ఎంత నేశాడో జానలతో కొలిచి చూసుకునేవాడు.

పడుగు చివరి మూరకు వచ్చింది. పెద్దవాళ్లు రావడానికి ఇంకా మూడు వారాలుంది. నేను కొత్త పడుగు తెప్పించాను.

నేతపని తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. పడుగంటే మగ్గం మీద నిలువునా సాగే దారాలు. పాత పడుగును పూర్తిగా దించేయరు. కొసలు పోగులు దూరే అచ్చులోనే ఉంచి, కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటీ వాటికి బూడిద అద్దుకున్న వేళ్లతో మెలేసి అతుకుతారు. వెయ్యికి పైగా పోగులు. అట్లా అతికితే పడుగుకు చివర అనేది ఉండదు. సాగుతూనే ఉంటుంది.

"అతుకుప్పా నాగప్పా" అన్నాను.

అతను కొత్త పడుగు వైపు చూశాడు, నా వైపు చూశాడు. "అతికితే ఇది అయిపోయేదెట్ల సార్?"

"పని ఆగగూడదు కదప్పా."

"అయిపోతే పోదువు అంటివి."

"అంటిని. ఇదీ అయిపోనీ."

నాగప్ప కూర్చుని బూడిదలో వేళ్లు ముంచాడు. రెండు రోజులు అతికాడు. తన చేతులతోనే. నేను చూస్తూ నిలబడ్డాను. ఒక్కసారైనా తల ఎత్తుతాడేమో అనుకున్నాను. ఎత్తలేదు.

పెద్దవాళ్లు వచ్చారు, మెచ్చుకున్నారు. ఫోటో పేపర్లో వచ్చింది. మా నాయన దాన్ని మడిచి జేబులో పెట్టుకుని హిందూపురం సంతలో చూపించాడట. ఆ నెల నోటుబుక్కులో "పంపొచ్చు" అని రాశాను. డాక్టరు సంతకం చేశాడు. అమావాస్యకు రత్నమ్మ కొత్త పంచె, చొక్కా తెచ్చింది. ఈయన్ను నాయనా అనమని పాపకు దారంతా నేర్పించుకుని వచ్చింది.

నాగప్ప మగ్గం మీద నుంచి దిగలేదు.

"పడుగు ఉండాది" అన్నాడు. అంతే. రత్నమ్మ బతిమాలింది, ఏడ్చింది, బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టింది. "పడుగు ఉండాది కదా, యాడికి వచ్చేది?" అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. కోపముంటే బాగుండేది. జబ్బు తిరగబెట్టిందని డాక్టరు రాశాడు. రత్నమ్మా అదే నమ్మింది. నేను పక్కనే నిలబడి ఉన్నాను. అది జబ్బు కాదు, నా మాట. నేను అతనికి చెప్పిన మాటను అతను నాకే తిరిగి అప్పజెప్పాడు. లేక నిజంగానే చెదిరిందా మళ్లీ? చెదిరితే మాత్రం చెదరగొట్టింది ఎవరు?

ఆ తర్వాత నాగప్ప ఎవరికీ ఏమీ నేర్పలేదు. నేశాడు. చివరికి వస్తే అడగకుండానే కొత్తది అతికాడు. ఏడాదికి నేను హిందూపురానికి వేరే ఉద్యోగం చూసుకుని వచ్చేశాను. పారిపోయి వచ్చానంటే సరిగ్గా ఉంటుంది. మరో రెండేళ్లకు విషజ్వరంతో అతను ఆ వార్డులోనే పోయాడని తెలిసింది.

అరవైల చివర్లో ఒకసారి పనిమీద ధర్మవరం పోయి, కాళ్లు అటు లాగితే ఆ ఇంటికి పోయాను. చెప్పేద్దామనే పోయాను. రత్నమ్మ గుర్తుపట్టింది. చాప వేసి మజ్జిగ ఇచ్చింది. "మీరు ఆయన్ను బాగా చూసుకుంటిరి సార్. ఆయన రాతే అట్లుండె" అంది. లోపల మగ్గం చప్పుడు వినిపిస్తోంది. పాప నేస్తోందట. మజ్జిగ తాగాను, లేచి వచ్చాను.

ఇప్పుడు మీతో చెప్పాను. మీరేమీ అనొద్దు. ఒక్కటే మిగిలింది, అదీ చెప్పేస్తాను. రత్నమ్మ మగ్గం దగ్గర ఏడుస్తున్నప్పుడు నా బల్ల సొరుగులో కత్తెర ఉంది. ఆ పడుగు కోసి, "అయిపోయిందప్పా, పో" అంటే అతను లేచి పోయేవాడు. ఆ క్షణాన నాకది తెలుసు. కోస్తే ఎందుకు కోశావని అందరూ అడుగుతారు, నేనిచ్చిన మాట బయటపడుతుంది. అందుకని సొరుగు తెరవలేదు.

అదే నేను చేసింది.